హోల్టర్ పెట్టించుకోబోతున్నారా? స్టిక్కర్లు, చెమట, డైరీ సంగతులు

దడ వచ్చిందని ఆసుపత్రికి పోయేసరికి అది తగ్గిపోయి ఉంటుంది. ఈసీజీ తీస్తారు, నార్మల్ అని వస్తుంది. వారం తిరక్కుండానే అర్ధరాత్రి మళ్ళీ గుండె డప్పు కొట్టినట్టు కొట్టుకుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మామూలు ఈసీజీ కాగితం మీద పడేది పది సెకన్ల గుండె. రోజుకి 86,400 సెకన్లు. ఆ పది పోను మిగతా సెకన్లలో ఏం జరిగిందో ఆ కాగితానికి తెలీదు. అందుకే డాక్టరు "హోల్టర్ పెడదాం" అంటారు, అంటే ఒంటి మీద ఉండి రోజంతా ఈసీజీ రాసుకునే చిన్న మిషను. కొందరు హాల్టర్ అంటారు. ఊళ్ళల్లో "ఇరవైనాలుగ్గంటల మిషను" అంటే అందరికీ అర్థమవుతుంది.

నార్మన్ హోల్టర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1940లలో మొదట తయారుచేసినప్పుడు ఇది వీపున మోసే యంత్రం, బరువు 38 కిలోలు. అంటే ముప్పాతిక బస్తా బియ్యం. ఇప్పుడు అగ్గిపెట్టెకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. మెళ్ళో వేలాడదీస్తారు, లేదా నడుముకి కడతారు. ఛాతీకి స్టిక్కర్లు అతికించి, వాటినుంచి వైర్లు దీనికి కలుపుతారు. రోజుకి సుమారు లక్ష గుండె దెబ్బల్ని ఒక్కొక్కటిగా రాసుకుంటుంది.

మిషను చెడిపోయి పరీక్ష పాడవడం అరుదు. మధ్యాహ్నం చెమటకి స్టిక్కరు ఊడుతుంది, లేదంటే ఎప్పుడేం చేశారో, ఎప్పుడు బాధ వచ్చిందో మీరు రాయాల్సిన డైరీలో రెండు లైన్లకి మించి ఉండదు. చాలా పరీక్షలు చెడేది ఈ రెండింటి దగ్గరే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండకీ ఉప్పుగాలికీ మొదటిది మరీ ఎక్కువ. అందుకని కింద చెప్పేదాంట్లో సగం చర్మం గురించే ఉంటుంది.

ఎన్ని రోజులది?

మీ లక్షణం ఎంత తరచుగా వస్తుందో దాన్నిబట్టి ఇది తేలుతుంది. డాక్టరు దగ్గర "అప్పుడప్పుడూ వస్తుంది" అనకండి. రోజూ వస్తుందా, వారానికోసారా, రెండు నెలలకోసారా అనేది తేల్చి చెప్పండి. రోజూ వచ్చేదైతే 24 గంటలదో 48 గంటలదో చాలు. వారానికోసారి వచ్చేదానికి ఒక్కరోజు మిషను పెడితే అది పట్టుబడే అవకాశం తక్కువ. దానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు ఛాతీకి అతుక్కుని ఉండే, వైర్లు లేని ప్యాచ్ మేలు. నెలకోసారి వచ్చేదానికి, బాధ కలిగినప్పుడు బటన్ నొక్కే ఈవెంట్ రికార్డర్ని నెలరోజుల దాకా ఇస్తారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయేవాళ్ళకి చర్మం కింద పెట్టే చిన్న లూప్ రికార్డర్ ఉంది, అది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పక్షవాతం వచ్చి కారణం దొరకని వాళ్ళకి కూడా ఎక్కువ రోజుల పరీక్షే అడుగుతారు. పక్షవాతం తెచ్చే గుండె లయ తప్పడం దాగుడుమూతలాడే జబ్బు, ఒక్కరోజులో బయటపడకపోవచ్చు.

చేతి గడియారంలో వచ్చే ఈసీజీని కూడా కొట్టిపారేయక్కర్లేదు. దడ వచ్చినప్పుడు 30 సెకన్లు పట్టి దాచిపెడితే డాక్టరుకి పనికొస్తుంది. దాన్ని హోల్టర్‌కి బదులు మాత్రం అనుకోవద్దు.

ఏ రోజు పెట్టించుకోవాలి

డాక్టరు వెంటనే అంటే వెంటనే. రోహిణి కార్తె అయినా సరే, తుపాను ముందురోజైనా సరే. ఆయన "వీలు చూసుకుని రండి" అన్నప్పుడే ఈ లెక్కలన్నీ.

వైర్ల హోల్టర్ ఒంటి మీద ఉన్నంతసేపు తలస్నానం లేదు, ఒంటిస్నానం లేదు. కాబట్టి కార్తీక పౌర్ణమికి మైపాడో కొత్తపట్నమో పోయి సముద్రస్నానం చేయాలనుకుంటే ఆ వారం వద్దు. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి రొట్టె పట్టుకోవాలన్న మొక్కు ఉంటే అదయ్యాకే. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకి ఇది మరీ చిక్కు. రెండుపూటలా చన్నీళ్ళ తలస్నానం తప్పదు, మెళ్ళో మాల పూసలు స్టిక్కర్లకి రాసుకుంటాయి. దీక్షకి ముందే చేయించుకోవడం తేలిక. ఆగే పరిస్థితి కాకపోతే గురుస్వామికి ముందే చెప్పి, ఆ రెండు రోజులు ఒళ్ళు తుడుచుకోవడంతో సరిపెట్టుకునేలా మాట్లాడుకోండి. స్నానం మానలేక మిషను తడిపితే పరీక్షా పోతుంది, మిషను డబ్బులూ మీ మీద పడతాయి.

దూరం కూడా చూసుకోవాలి. ఉదయగిరి నుంచి నెల్లూరుకో, కనిగిరి నుంచి ఒంగోలుకో వచ్చేవాళ్ళకి ఇది రెండు ప్రయాణాల పని: పెట్టించుకోవడానికి ఒకటి, తిరిగి ఇవ్వడానికి ఒకటి. శనివారం పెట్టించుకుంటే ఆదివారం తీసుకునేవాళ్ళు ఉంటారో ఉండరో ముందే ఫోన్ చేసి అడగండి. సంక్రాంతి మూడు రోజుల ముందు అసలు వద్దు. గంటలు పూర్తయ్యాక ఇంట్లోనే తీసి, మీ అబ్బాయితోనో తమ్ముడితోనో పంపించవచ్చా అన్నది కూడా ఆ ఫోన్‌లోనే అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల మనిషే రావాలంటారు. డిపాజిట్ ఎంత, ఎలా కట్టాలి అనేదీ తెలుసుకోండి.

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ, ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ పరీక్ష) ఏవైనా రాసి ఉంటే అవన్నీ ముందే చేయించుకోండి, లేదా తర్వాతకి పెట్టుకోండి. స్టిక్కర్లు ఎకోకి అడ్డం. హోల్టర్ ఒంటి మీద ఉండగా ఎంఆర్ఐ గదిలోకి అడుగే పెట్టకూడదు.

ఆడవాళ్ళయితే మహిళా టెక్నీషియన్ ఉంటారా అని బుకింగ్ అప్పుడే అడగండి. అక్కడికి పోయి సిగ్గుపడి జాకెట్టు పైనుంచి సర్దిపెట్టించుకుంటే స్టిక్కరు పడాల్సిన చోట పడదు.

ముందురోజు, ఆ పొద్దున

మందులు సొంతంగా ఆపకండి. చాలామంది "పరీక్ష కదా" అని బీపీ మాత్రా, గుండె మాత్రా మానేసి వస్తారు. మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది. పైగా కొన్నిసార్లు ఆ మందు పనిచేస్తోందా లేదా చూడ్డానికే డాక్టరు హోల్టర్ రాస్తారు. ఆపమని చెప్పి ఉంటే ఏ మాత్ర, ఎప్పటినుంచి అనేది కాగితం మీద రాయించుకోండి.

పరగడుపున రావాల్సిన పని లేదు. ఇడ్లీ తినొచ్చు, చేపల పులుసూ తినొచ్చు. టీ, కాఫీ రోజూ ఎన్ని తాగుతారో అన్నే తాగండి. చుట్ట, సిగరెట్, గుట్కా మానేస్తే అంతకంటే మంచిది లేదు. కానీ పరీక్ష నాడు ఒక్కరోజు దాచి మర్నాడు మొదలెడితే, డాక్టరు చూసేది మీ గుండెని కాదు, మీరు ఆయనకి చూపించాలనుకున్న గుండెని.

బయల్దేరే ముందు శుభ్రంగా తలస్నానం చేయండి, రెండు రోజులకి సరిపడా. సబ్బుతో ఛాతీ బాగా రుద్ది, కడిగి, పొడి తువ్వాలుతో పూర్తిగా ఆరేదాకా తుడవండి. ఆ తర్వాత మెడ నుంచి బొడ్డు దాకా ఏమీ పూయకండి. కొబ్బరినూనె, పౌడరు, గంధం, అత్తరు, క్రీము, అమృతాంజన్, విక్స్ ఏవీ వద్దు. నూనె పొర మీద జిగురు నిలవదు. పౌడరు అయితే స్టిక్కరు జిగురు మొత్తం తనే తీసేసుకుంటుంది, చర్మానికి ఏమీ మిగలదు. చెమటకాయలు ఉన్నాయని నైసిల్ చల్లుకునే అలవాటుంటే ఆ రోజు ఆపాలి. చెమటకాయలు ఎక్కువగా ఉంటే టెక్నీషియన్‌కి చూపించండి, వాటి మీద స్టిక్కరు వేస్తే సాయంత్రానికి మంట మొదలవుతుంది.

మగవాళ్ళు ఛాతీ వెంట్రుకల్ని ఇంట్లో బ్లేడుతో గీసుకుని రావద్దు. చిన్న చిన్న గాట్లు పడతాయి, అక్కడ స్పిరిట్ తగిలితే భగ్గుమంటుంది, రెండు రోజులు స్టిక్కరు కింద ఉంటే పొక్కులొస్తాయి. ల్యాబులోనే అవసరమైనచోట మాత్రం, రూపాయి బిళ్ళకి రెండింతల జాగా తీస్తారు. ట్రిమ్మర్‌తో అయితే ఇంట్లో చేసుకున్నా పరవాలేదు.

బట్టలు: ముందు గుండీలున్న వదులు కాటన్ చొక్కా. ఆడవాళ్ళకి ముందు హుక్కుల జాకెట్టు, వదులుగా ఉండాలి. బిగుతు జాకెట్టు ఊపిరి తీసిన ప్రతిసారీ స్టిక్కరు అంచుని లాగుతుంది. రాత్రికి ముందు జిప్పున్న నైటీ. నైలాన్, పాలిస్టర్ వద్దు, ఒంటికి రాసుకుని స్థిరవిద్యుత్తు పుట్టి మిషను రాసే ఈసీజీ గీతలో గోల వస్తుంది. బ్రా వేసుకునే వాళ్ళయితే ఆ రోజు వేసుకునేదే వేసుకుని రండి, దాని అంచు ఎక్కడ పడుతుందో చూసి స్టిక్కరు పక్కకి వేస్తారు.

తాళి తీయాలా అని చాలామంది లోపల్లోపల మథనపడతారు. తీయక్కర్లేదు. బిళ్ళలు స్టిక్కరు గుండీకి తగిలి చప్పుడు చేయకపోతే చాలు. గొలుసుని జాకెట్టు బయటికి తీసుకోవచ్చు, పొడవైతే వెనక్కి తిప్పుకోవచ్చు. నల్లపూసలు, పొడుగు హారాలు మాత్రం ఇంట్లోనే పెట్టిరండి.

చేత్తో తీసుకెళ్ళాల్సినవి: డాక్టరు చీటీ, పాత ఈసీజీ, వాడే మాత్రల అట్టలు, పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు. ఒక పెన్ను కూడా.

స్టిక్కర్లు అతికేటప్పుడు మీరు గమనించాల్సింది

ఇది పది పదిహేను నిమిషాల పని. టెక్నీషియన్ తొందరపడుతుంటే మీరు తొందరపడకండి. మంచి అతుకుకి ఒక వరుస ఉంది. వెంట్రుకలు తీయడం, స్పిరిట్ దూదితో తుడవడం, స్పిరిట్ పూర్తిగా ఆరనివ్వడం, గరుకు గుడ్డతోనో సన్నటి రాపిడి కాగితంతోనో నాలుగైదుసార్లు సుతారంగా రుద్దడం, అప్పుడు స్టిక్కరు. రుద్దడం ఎందుకంటే చర్మం పైన మృతకణాల పొర కరెంటుకి గోడలాంటిది. ఆ గోడ పల్చబడితేనే గుండె సంకేతం శుభ్రంగా బయటికొస్తుంది. చర్మం కొద్దిగా ఎర్రబడాలి, అంతే. గీరుకుపోకూడదు. ఈ వరుసలో ఎక్కువగా తెగిపోయేది "ఆరనివ్వడం". తడి స్పిరిట్ మీద వేసిన స్టిక్కరు బస్టాండ్ చేరేలోపే అంచు లేస్తుంది.

స్టిక్కర్ని దగ్గరగా చూస్తే మధ్యలో లోహపు గుండీ, దాని కింద తడి జెల్, చుట్టూ జిగురు ఉంటాయి. సంకేతం పట్టేది జెల్, పట్టుకుని ఉండేది జిగురు. అందుకే వేలితో నొక్కాల్సింది చుట్టూ అంచుని, మధ్యలో కాదు. మధ్యలో గట్టిగా నొక్కితే జెల్ పక్కకి పాకి జిగురు కిందికి పోతుంది, ఇక అది అతకదు. వైరు గుండీని కూడా ముందే స్టిక్కరుకి టక్కున బిగించి, ఆ తర్వాతే ఒంటికి అతికించాలి. ఒంటి మీద పెట్టి గుండీ నొక్కితే నొప్పి, పైగా జెల్ చెదురుతుంది. ఎప్పుడో తెరిచిపెట్టిన ప్యాకెట్లోంచి తీస్తుంటే "కొత్త ప్యాకెట్ తీయండమ్మా" అని అడగడంలో తప్పు లేదు. గాలికి జెల్ ఎండిపోయిన స్టిక్కరు అతుకుతుంది కానీ సంకేతం పట్టదు.

స్టిక్కర్లు కండ మీద కాకుండా ఎముక మీద, అంటే రొమ్ము ఎముక, పక్కటెముకల మీద పడితే మేలు. కండ కదిలినప్పుడల్లా దానికదే కరెంటు పుడుతుంది, అది గుండె గీతలో కలుస్తుంది. ప్రతి వైరునీ స్టిక్కరు పక్కనే చిన్న చుట్టలా తిప్పి టేపు వేయమనండి. వైరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ చుట్ట సాగుతుంది, స్టిక్కరు లాగబడదు. ఈ ఒక్క చిన్న పని చేస్తే రాత్రి పడుకునేటప్పుడు సగం బాధ తప్పుతుంది.

అయిపోయాక మూడు పనులు. ఒకటి, మీ ఫోన్‌తోనే ఛాతీకి ఒక ఫొటో తీయించుకోండి, ఏ రంగు వైరు ఎక్కడుందో కనపడేలా. కంపెనీని బట్టి రంగులు మారతాయి కాబట్టి జ్ఞాపకాన్ని నమ్మకూడదు. రెండు, మిషనులో టైము మీ ఫోన్ టైముతో కలుస్తోందో లేదో చూడండి. తేడా ఉంటే డైరీ మొదటి లైనులో రాయండి. మూడు, నాలుగైదు విడి స్టిక్కర్లు, కాస్త టేపు అడిగి తీసుకోండి. ఈ మూడూ లేకుండా ల్యాబు గడప దాటకండి.

మిషనుతో ఆ రోజు

రోజూ ఏం చేస్తారో అదే చేయండి. చెమట పడుతుందని ఫ్యాను కింద మంచమెక్కి కూర్చుంటే, మెట్లెక్కినప్పుడు వచ్చే దడ ఎక్కడ దొరుకుతుంది? ఒళ్ళంతా తడిసే పనికి మాత్రం ఆ రోజు పోవద్దు. రొయ్యల చెరువులో దిగడం, నాట్లకి పోవడం, వేడితో పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర కాపలా, చీమకుర్తి వైపు రాయి కోసేచోట నీళ్ళూ అదురూ మధ్య నిలబడటం ఇలాంటివి. గట్టు మీద నడవండి, మేత లెక్క చూసుకోండి, బజారుకి పొండి. ట్రాక్టరు తోలితే అదురుకి గీత అంతా గజిబిజి అవుతుంది, తప్పకపోతే ఆ గంటలు డైరీలో రాయండి. మీ బాధ సరిగ్గా ఆ తడిపనిలోనే వస్తుంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి, వైర్లది కాకుండా ప్యాచ్ పెట్టే వీలుందేమో చూస్తారు.

ప్యాచ్ పెట్టుకున్నవాళ్ళకి మొదటి 24 గంటలే కీలకం. ఆ జిగురు చర్మంలో కుదురుకునేదాకా స్నానం లేదు, చెమటలు పట్టే పనీ లేదు. ఆ తర్వాత నీళ్ళు వీపు వైపు పడేలా తొందరగా పోసుకోవచ్చని చాలా ప్యాచ్‌ల వాళ్ళే చెబుతారు. చెరువులో, బావిలో, సముద్రంలో మునగడం మాత్రం చివరిరోజు దాకా లేదు. ప్యాచ్ మీద సబ్బు రుద్దకండి, తువ్వాలుతో అద్దండి.

వైర్లది ఉన్నవాళ్ళు నడుము కిందికి మామూలుగా కడుక్కుని, పైన తడిగుడ్డతో మెడ, చంకలు, వీపు తుడుచుకుంటే సరిపోతుంది. ఒళ్ళు తుడిచేటప్పుడు మిషను పౌచ్‌ని ఎవరైనా పట్టుకోవాలి. వాన పడితే పౌచ్ మీద ప్లాస్టిక్ కవరు వేయండి, ఆగాక తీసేయండి. రోజంతా కవరులో ఉంచితే లోపల చెమ్మ చేరుతుంది.

ఫోన్ చొక్కా జేబులో వద్దు. మిషనుకి జానెడు దూరం ఉండాలి. బోరు మోటారు స్టార్టరు, వెల్డింగ్, ఇండక్షన్ స్టవ్, పెద్ద స్పీకర్ల దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. పెళ్ళి ఊరేగింపులో డీజే పక్కన నిలబడాల్సిన అవసరం ఎలాగూ లేదు.

పళ్ళు తోముకోవడం సంగతి చాలామందికి తెలియదు. బ్రష్‌తోనో వేపపుల్లతోనో జోరుగా తోమినప్పుడు చెయ్యి ఆడే వేగం గీతలో పడి, అచ్చం ప్రమాదకరమైన గుండె వేగంలా కనిపిస్తుంది. చదివే డాక్టరుకి ఆ మోసం తెలుసు. కానీ "6:10 పళ్ళు తోమాను" అని డైరీలో ఉంటే ఆయన పని క్షణంలో అయిపోతుంది. స్టిక్కరు వదులైతే దీనికి తలకిందులుగా జరుగుతుంది, గీత ఉన్నట్టుండి పడిపోయి గుండె నాలుగు సెకన్లు ఆగినట్టు చూపిస్తుంది.

రాత్రి పౌచ్‌ని పక్కన దిండు మీద పెట్టుకుని, వైర్లు ఒంటి కింద పడకుండా వెల్లకిలా పడుకోవడం మేలు. ఫ్యానో కూలరో పెట్టుకోండి. కరెంటు పోయే అలవాటున్న ఊరయితే ఛాతీ చెమటని మెత్తటి పొడిగుడ్డతో అద్దుతూ ఉండండి, రుద్దొద్దు. బ్యాటరీ మూత తెరిచి చూడాలనిపిస్తుంది, తెరవకండి. రెండో రోజు సెల్లు మార్చాల్సిన మిషనయితే ఎలా మార్చాలో ల్యాబులోనే మీ చేత ఒకసారి చేయించమనండి.

డైరీ

ఏ లక్షణం వచ్చినా ముందు టైము రాయాలి. బాధ తర్వాత, పని తర్వాత. లక్ష దెబ్బల్లో డాక్టరు వెతుక్కునేది టైముతోనే. మిషను మీద బటన్ ఉంటే బాధ మొదలవగానే నొక్కండి, ఆ తర్వాత రాయండి. బటన్ నొక్కితే ఆ చోట గుర్తు పడుతుంది. ఏం జరిగిందో మాత్రం దానికి తెలీదు.

"మధ్యాహ్నం గుండెలో ఏదోలా ఉంది" అని రాస్తే అందులో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇలా ఉండాలి:

5:30 లేచాను. 6:10 పళ్ళు తోమాను. 6:40 కాఫీ.
8:00 టిఫిన్, బీపీ మాత్ర ఒకటి.
10:15 గట్టు మీద నడుస్తుంటే దడ, రెండు నిమిషాలు. కూర్చుంటే తగ్గింది. బటన్ నొక్కాను.
1:20 భోంచేసి పడుకున్నాను. 2:05 లేచాను, బాగానే ఉంది.
4:50 రెండో అంతస్తు ఎక్కాను. ఆయాసం వచ్చింది, దడ లేదు.
7:30 ఇంట్లో గొడవ, గట్టిగా అరిచాను. గుండె ఒకటి తప్పినట్టు రెండుసార్లు.
11:40 లేచి బాత్రూంకి వెళ్ళాను. కళ్ళు బైర్లు కమ్మాయి, గోడ పట్టుకున్నాను.

గొడవ సంగతి రాయడానికి మొహమాటపడతారు. ఎందుకు గొడవో రాయక్కర్లేదు, జరిగిందని రాస్తే చాలు. దడ వచ్చి, మిషనులో గీత మామూలుగా ఉందంటే అది కూడా జవాబే. ఆ దడకి లయ తప్పడం కారణం కాదని తేలుతుంది. కాబట్టి చిన్నదే కదా అని వదిలేయకండి.

అమ్మమ్మకో నాయనమ్మకో రాయడం రాకపోతే మనవడి వాట్సాప్‌కి వాయిస్ మెసేజ్ పెట్టమనండి. "ఒరేయ్ అబ్బయ్యా, ఇప్పుడు గుండె దడదడలాడతా ఉండాది" అన్న ఒక్క మాట చాలు, దాని పక్కన టైము దానంతటదే పడుతుంది. సాయంత్రం మనవడు అవన్నీ కాగితం మీదకి ఎక్కిస్తే డైరీ తయారు.

స్టిక్కరు ఊడితే, దురద పెడితే

ఊడిన స్టిక్కర్నే మళ్ళీ అతికించి పైన టేపు వేయడం మన అలవాటు. పనిచేయదు. జెల్‌కి చెమట, దుమ్ము పట్టి ఉంటాయి. పాతది తీసేసి, ఆ చోటు పొడిగుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు ఫ్యాను గాలికి ఆరనిచ్చి, ఫొటో చూసుకుని అదే చోట కొత్తది వేయండి. వైరు ముందు, ఒంటికి తర్వాత. అంచులు ఒక నిమిషం అదిమిపట్టండి. ఊడిన టైము, వేసిన టైము డైరీలో రాయండి. రెండు మూడు ఒకేసారి ఊడి ఏది ఎక్కడిదో తెలియకపోతే ఊహించి పెట్టకండి, ఫోన్ చేయండి.

కొంచెం దురద, ఎర్రదనం మామూలే. పొక్కులు లేచినా, మంట తట్టుకోలేకపోయినా ల్యాబుకి చెప్పి స్టిక్కర్ని వేలెడు పక్కకి మార్చుకోండి. ప్లాస్టర్ పడని చర్మమని ముందే తెలిస్తే పెట్టేటప్పుడే చెప్పాలి, జిగురు తక్కువ ఘాటున్న స్టిక్కర్లు కూడా ఉంటాయి.

ఈ మిషను కాపలా కాదు

ఒంటి మీద మిషను ఉంది కదా, ఏదైనా అయితే ఆసుపత్రి వాళ్ళకి తెలిసిపోతుందిలే అనుకోవడం ప్రమాదం. మామూలు హోల్టర్ రాసుకుంటుందంతే, ఎవరికీ చెప్పదు. మీరు తిరిగిచ్చాక కంప్యూటర్లో వేసేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలీదు. ఛాతీ బరువెక్కి చెమటలు పోసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా, ఊపిరి అందకపోయినా 108కి ఫోన్ చేయండి. మిషను తీయడానికి ఆగకండి. అంబులెన్సులో, ఎమర్జెన్సీలో వాళ్ళకి అవసరమైతే వాళ్ళే వైర్లు లాగేస్తారు, పరీక్ష పోతే పోతుంది.

తీసేటప్పుడు, తర్వాత

పొద్దున వద్దన్న కొబ్బరినూనె ఇప్పుడు పనికొస్తుంది. మిషను తిరిగిచ్చేశాక, లేదా వాళ్ళు చెప్పిన ప్రకారం ఇంట్లో తీస్తుంటే వైర్లు విప్పేశాక, స్టిక్కరు అంచుల చుట్టూ నూనె రాసి ఐదు నిమిషాలు ఆగండి. ఒక చేత్తో చర్మాన్ని నొక్కిపట్టి, రెండో చేత్తో స్టిక్కర్ని పైకి కాకుండా పక్కకి మడుస్తూ మెల్లగా తీయండి. పెద్దవాళ్ళ చర్మం పల్చన, ఒక్కసారి లాగితే పొర లేచిపోతుంది. గుండ్రటి ఎర్రమచ్చలు రెండు మూడు రోజుల్లో పోతాయి. పోకుండా నీరు కారితే చూపించుకోండి.

డైరీని ఇచ్చేముందు ఫొటో తీసి పెట్టుకోండి. కాగితాలు తప్పిపోవడం ఎక్కడైనా ఉన్నదే.

రిపోర్టు చాలా పేజీలుంటుంది. చివరి పేజీల్లో గీతలు చూసి హడలిపోకండి, మొదటి పేజీలో సారమంతా ఉంటుంది: మొత్తం దెబ్బలు, అతి తక్కువ, అతి ఎక్కువ వేగం, అన్నిటికంటే పొడవైన విరామం, అదనపు దెబ్బల లెక్క. గాఢనిద్రలో గుండె వేగం 40ల్లోకి దిగడం చాలామందిలో మామూలే. రోజుకి కొన్ని అదనపు దెబ్బలు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. ఆ అంకెల్ని మీ డైరీ పక్కన పెట్టి చదవాల్సింది డాక్టరు. ఆయన దగ్గరికి పోయినప్పుడు ఒకటి గట్టిగా అడగండి: "నాకు దడ వచ్చిన ఆ 10:15కి మిషనులో ఏముంది?" ఆ టైముకి స్టిక్కరు వదులై గీత చదవడానికి రాలేదని తేలితే, లేదా ఆ రెండు రోజులూ దడే రాకపోతే, రిపోర్టు మీద నార్మల్ అని ఉన్నా వెతికింది దొరకనట్టే. అప్పుడు ఇంకా ఎక్కువ రోజులది పెట్టాలా అని అక్కడే అడిగి తేల్చుకోండి.